బావ కారూ, ఇంజన్ ఆయిలూ, ఓ చక్కెర ఫ్యాక్టరీ

కారు కొన్నవాళ్ళు మొదటి నెలంతా మైలేజీ గురించి మాట్లాడతారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఇంజన్ ఆయిల్ దగ్గరికి వస్తారు. మా ఆఫీసు కాంటీన్లో వారానికోసారైనా ఈ పంచాయితీ జరగాల్సిందే. వీఐ గొప్పదా ఈమాక్స్ గొప్పదా అని ఒకప్పుడు కొట్టుకున్నవాళ్ళే ఇప్పుడు మోబిల్ గొప్పదా మోతుల్ గొప్పదా అని కొట్టుకుంటున్నారు. మనుషులు అవే, ఆవేశం అదే, జుట్టు మాత్రం పలచబడింది. ఎవడు ఏ డబ్బాకి డబ్బులు పెట్టాడో వాడికి అదే ప్రపంచంలోకెల్లా మంచి ఆయిల్.

నా మటుకు నాకు 'ఏ ఆయిల్ బెస్ట్' అన్న ప్రశ్నే తప్పుగా అడుగుతున్నాం అనిపిస్తుంది. ఆ మాట కాంటీన్లో చెప్పడం తేలికే. నిజామాబాద్‌లో ఉన్న మా బావకి చెప్పడమే కష్టం.

మా బావకి ఖలీల్‌వాడిలో మందుల షాపు. ఇల్లు వినాయక్ నగర్లో. ఇంటికీ షాపుకీ మహా అయితే రెండు కిలోమీటర్లు. పోయినేడు హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఓ కారు కొన్నాడు. 2023 మోడల్, ఒకటిన్నర లీటర్ల టర్బో పెట్రోల్, నూట యాభై గుర్రాలు. ఈ వయసులో అన్ని గుర్రాలెందుకని అక్క ఇప్పటికీ సాధిస్తూనే ఉంది, అది వేరే కథ. మొదటి సర్వీసు టైముకి నాకు ఫోన్ చేశాడు.

"ఏం రా బామ్మర్దీ, కంప్యూటర్ల అన్నీ చూస్తవ్ గద. టర్బో బండికి ఏ ఆయిల్ మంచిగుంటదో ఒక్క ముక్కల చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పాను. "పుస్తకంలో ఏముంటే అది."

"గది నాకు తెల్వదా? మంచిదేదో చెప్పుమంటున్న."

చూశారా, ఇదీ సమస్య. పుస్తకంలో ఉన్నది 'మామూలుది', దాన్ని మించి 'మంచిది' ఇంకోటి ఎక్కడో ఉంటుంది, అది తెలిసినవాళ్ళు మనకి చెప్పట్లేదు అని అందరికీ ఓ అనుమానం.

ఈలోగా బోధన్ రోడ్డులో ఆయన నమ్మే ఉస్తాద్ ఒకాయన తీర్పు ఇచ్చేశాడు. "సార్, మన ఎండలకు ఇరవై-యాభై పొయ్యాలె. గా పలచటిది నీళ్ళ లెక్క ఉంటది, ఇంజన్ల నిలువది." ఇరవై-యాభై అంటే 20డబ్ల్యూ-50. పుస్తకంలో ఉన్నదేమో 5డబ్ల్యూ-30. ఉస్తాద్‌ని నేను తక్కువ చేసి మాట్లాడను. పాత అంబాసిడర్లూ జీపులూ ఆయన చేతిలో ముప్పై ఏళ్ళు తిరిగాయి, వాటికి ఇరవై-యాభై సరైన మందే. మేలో నిజామాబాద్‌లో 45 డిగ్రీలు ఉన్నరోజు ఆ మాట విన్నవాడు ఎవడైనా తలూపుతాడు కూడా.

కానీ బయట 45 ఉన్నా 15 ఉన్నా, వేడెక్కాక ఇంజన్ లోపల పెద్ద తేడా రాదండీ. థర్మోస్టాట్ అనే చిన్న వాల్వు కూలెంట్‌ని 90-100 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. బెర్లిన్‌లోనైనా బోధన్‌లోనైనా దాని పని అదే. ఆయిల్ అంతకన్నా కాస్త ఎక్కువ వేడిలో, వంద-నూట ఇరవై మధ్య తిరుగుతుంది. దాన్ని నిజంగా మండించేది మన ఎండ కాదు, మన కుడికాలు. డిచ్‌పల్లి దాటాక ఖాళీ హైవే మీద గంటసేపు తొక్కితే ఆయిల్‌కి తగిలే వేడి, ఎండలో రోజంతా నిలబెట్టినా తగలదు.

డబ్బా మీద అంకెల సంగతి కూడా ఓసారి చూద్దాం, ఎందుకంటే మన ఇంజనీర్లలో కూడా సగం మందికి ఇది తెలీదు (నేను అడిగి చూశాను). డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో సంగతి. 5డబ్ల్యూ ఆయిల్‌ని పరీక్షించేది మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర. బాసర దాటి ఎంత ఉత్తరానికి పోయినా మనకి ఆ అవసరం పడదు. డబ్ల్యూ తర్వాత అంకె, వంద డిగ్రీల వేడిలో నూనె ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 30 గ్రేడు అంటే ఆ కొలతలో 9.3 నుంచి 12.5 లోపు. 50 గ్రేడు అంటే 16.3 నుంచి 21.9 లోపు. అంటే ఉస్తాద్ పోస్తానన్నది ఇంచుమించు రెట్టింపు చిక్కదనం. పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

దానివల్ల వచ్చే నష్టమేంటయ్యా అంటే, ఈ కొత్త ఇంజన్లలో ఆయిల్ కేవలం నూనె కాదు. వాల్వు టైమింగ్‌ని ముందుకీ వెనక్కీ జరిపేది ఆయిల్ ప్రెషరే. సన్నటి దారుల గుండా అది ఠక్కున వెళ్ళాలి. టర్బోలో చూపుడువేలంత ఇరుసు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతూ ఆ నూనె పొర మీదే తేలుతూ ఉంటుంది. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో నూనె అక్కడికి ఎంత త్వరగా చేరిందనేదే దాని ఆయుష్షు. కొన్ని చిన్న టర్బో ఇంజన్లలోనైతే టైమింగ్ బెల్టు కూడా ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. దానికి పడని నూనె పోస్తే బెల్టు పొట్టు రాలి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది.

ఇదంతా బావకి ఫోన్లో అరగంట చెప్పాను. "నీ థియరీ నీ దగ్గరుంచుకో" అన్నాడు. ఆయన్ని ఒప్పించింది నేను కాదు, మా మేనమామ.

మా మామ బోధన్‌లో, షకర్ నగర్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేశాడు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ అంటే ఈ తరం వాళ్ళకి ఎన్నికలప్పుడు వినబడే పేరు. 1937లో పెట్టినప్పుడు, ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు, ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా చెప్పుకునేవాళ్ళు. మంజీర మీద కట్టిన నిజాంసాగర్ నీళ్ళు, ఆ నీళ్ళతో చెరకు, ఆ చెరకుతో ఊరు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. తెరిపిస్తామన్న మాట అప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. చెరకు వేసిన రైతులు చాలామంది వరికి మళ్ళారు. మామ అంతకుముందే రిటైరయ్యాడు, ఇప్పుడు ఎనభై దాటాయి. కారు నడపడం రాదు. కానీ నూనె గురించి ఆయనకి తెలిసినంత నాకు తెలీదు.

సంక్రాంతికి అందరం బోధన్‌లో కలిశాం. బావ ఊరుకోకుండా మామ ముందు మళ్ళీ ఇదే పంచాయితీ పెట్టాడు. మామ అంతా విని, "ఏ మిషన్‌కి?" అన్నాడు.

"మిషన్ కాదు మామా, కారుకి."

"అదే. ఎంత స్పీడు తిరుగుతది, ఎంత బరువు పడ్తది?"

ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. చక్కెర మిల్లులో చెరకుని పిండే రోలర్లుంటాయి. ఒక్కోటీ టన్నుల బరువు, దానిపైన హైడ్రాలిక్‌తో వందల టన్నుల ఒత్తిడి. కానీ తిరిగేది నిమిషానికి నాలుగైదు చుట్లే, ముసలి ఎద్దు గానుగ తిప్పినట్టు. ఆ బేరింగుల్లో పోసే నూనె దాదాపు తారులా ఉంటుంది, బెల్లప్పాకంలా తీగలు సాగుతుంది. అదే మిల్లులో, కొంచెం అవతల, ఆవిరి టర్బైన్ ఉంటుంది. నిమిషానికి వేల చుట్లు. దానికి పోసేది పలచటి నూనె, చేత్తో ముట్టుకుంటే జారిపోయేది. రెండూ ఒకే స్టోర్ రూములో పక్కపక్క డ్రమ్ముల్లో ఉండేవట. దాన్ని దీంట్లో పోస్తే దీని బేరింగు పోతుంది, దీన్ని దాంట్లో పోస్తే దాని బేరింగు పోతుంది. రెండు డ్రమ్ముల్లో ఏది మంచిది అని ఎవరైనా అడిగితే ఏం చెప్తావ్?

"మంచి నూనె అని ఒకటుండది అల్లుడా. ఏ బేరింగ్ నూనె ఆ బేరింగ్‌దే. గోడ మీద చార్టు రాసి ఉండె మాకు. కొత్తగ వచ్చిన ఆయిల్‌మన్‌కి ఫస్టు ఆ చార్టే చూపెడ్తుంటిమి."

ఇందులో ఉన్న సైన్సు చాలా చక్కటిది. ఇరుసు వేగంగా తిరిగితే నూనెని తనే లోపలికి లాక్కుని, దాని మీద తేలుతుంది. అప్పుడు పలచటి నూనె చాలు, చిక్కటిదైతే ఆ చిక్కదనాన్ని చిలకడానికే శక్తి ఖర్చయి వేడెక్కుతుంది. నెమ్మదిగా తిరుగుతూ బరువు మోసేదైతే లాక్కునే బలం ఉండదు, కాబట్టి నూనే చిక్కగా నిలబడాలి. పాత ఎడ్లబండి ఇరుసు ఈ లెక్కకి ఒక చివర. దానికి గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన పెట్టేవాళ్ళు. టర్బో ఇరుసు ఇంకో చివర.

ఆముదం అనగానే గుర్తొచ్చింది. మన తెలంగాణ ఎర్రనేలల్లో పండే ఈ ఆముదానికి మోటారు రేసుల్లో ఒకప్పుడు రాజభోగం. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన ఇంజన్ ఆయిల్లో ఆముదం కలిపి, ఆముదానికి ఇంగ్లీషు పేరైన క్యాస్టర్ నుంచే క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు ఆముదం మీదే నడిచాయి, పెట్రోల్‌లో తొందరగా కరగదు కాబట్టి. కాకపోతే వేడికి జిగురు కట్టేది, అందుకే ఎప్పటికప్పుడు ఇంజన్ విప్పి కడిగేవాళ్ళు. ఆ రోజుకి ఆ ఇంజన్‌కి అదే సరైన నూనె. ఇవాళ బావ కారులో పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మామ చెప్పిన గోడమీది చార్టే మన కారు పుస్తకం. అందులో 5డబ్ల్యూ-30 లాంటి గ్రేడు ఒక్కటే చూసి వచ్చేస్తాం, దాని పక్కనే అసలు సంగతి ఉంటుంది. ఒకటి ఏపీఐ గుర్తు. ఈ ఏపీఐ మన ఏపీఐ కాదు, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ :) అయితే వర్షన్లు మాత్రం మన దాంట్లాగే ఉంటాయి, పాతవాటికి బ్యాక్‌వర్డ్ కంపాటిబుల్ కూడాను. ఎస్‌ఎన్ తర్వాత 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020 మేలో ఎస్‌పీ, 2025 మార్చి నుంచి ఎస్‌క్యూ.

టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ బండి ఉన్నవాళ్ళకి ఈ వర్షను చాలా ముఖ్యం. ఈ ఇంజన్లలో తక్కువ స్పీడులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే, స్పార్కు పడకముందే సిలిండర్‌లో మంట అంటుకునే జబ్బు ఒకటుంది. ఎల్ఎస్‌పీఐ అంటారు. గట్టిగా కొడితే పిస్టన్ పగలొచ్చు. పరిశోధించి చూస్తే ఆయిల్ రసాయనం కూడా అందులో దోషి అని తేలింది. నూనె శుభ్రంగా ఉండటానికి కలిపే కాల్షియం ఎక్కువైతే ఈ జబ్బు పెరుగుతోంది. అందుకని కాల్షియం కొంత తగ్గించి మెగ్నీషియం పెట్టారు. ఎస్‌ఎన్ ప్లస్, ఎస్‌పీలలో ఇది పరీక్ష పెట్టి చూస్తారు. సెకండ్ గేర్లో పడాల్సిన చోట మూడో గేర్లో చెరకు ట్రాక్టర్ని ఓవర్‌టేక్ చేసే మా బావలాంటి వాళ్ళకోసమే ఈ పరీక్ష పెట్టారేమో! పాత స్టాకు 20డబ్ల్యూ-50 డబ్బా మీద వెతికి చూడండి, చాలా వాటికి ఇంకా ఎస్ఎల్, ఎస్ఎమ్ అనే పాత వర్షన్లే కనిపిస్తాయి. నాకు చిక్కదనం కన్నా ఇదే పెద్ద అభ్యంతరం.

ఇంకోటి కార్ల కంపెనీల సొంత నంబర్లు. ఫోక్స్‌వాగన్‌కి 502 00, మెర్సిడెస్‌కి 229.5, పోర్షేకి ఏ40 ఇలా. వాటి ఇంజన్ల మీద గంటలకొద్దీ పరీక్షించి ఇచ్చే ఆమోదాలివి. డబ్బా వెనక 'అప్రూవల్' అని ఉందా, 'సూటబుల్ ఫర్' అని ఉందా చూడండి. రెండోది రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన భాషలో చెప్పాలంటే ఒకటి టెస్టులు పాసైన బిల్డు, రెండోది 'నా మెషీన్లో పనిచేస్తోంది' అనడం.

'ఫుల్లీ సింథటిక్' అన్న మాటని అంతకన్నా నమ్మను. 1999లో అమెరికాలో మోబిల్, క్యాస్ట్రాల్ మీద ఫిర్యాదు చేసింది, ముడి నూనెనే బాగా శుద్ధి చేసి సింథటిక్ అంటున్నారని. అక్కడి ప్రకటనల పంచాయితీ క్యాస్ట్రాల్ వైపే తీర్పిచ్చింది. అప్పట్నుంచీ ఆ మాట ప్రకటన మాటే. అలాగని అలా శుద్ధి చేసిన నూనె చెడ్డదేం కాదు, చాలా మంచిదే. కానీ ఆ ఒక్క మాటకి లీటరుకి మూడొందలు ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

మరి చిక్కటి నూనె ఎప్పుడూ తప్పేనా? కాదు. 2000ల్లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 ఉంది కదా, ఎనిమిది వేల చుట్లదాకా తిరిగే ఇంజన్. మొదట్లో దానికి 5డబ్ల్యూ-30 అన్న కంపెనీ, కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోతుంటే 10డబ్ల్యూ-60కి మార్చింది. ఇంకోవైపు ఫార్ములా వన్ ఇంజన్లు మన ఊహకందనంత పలచటి నూనెతో తిరుగుతాయి, కాకపోతే ముందే నూనెనీ కూలెంట్‌నీ వేడిచేసి గానీ స్టార్ట్ చెయ్యరు. రెండూ హై పెర్ఫార్మెన్స్ ఇంజన్లే. ఆ సందులు ఎంతెంత ఉండాలో పెట్టినవాడికి నూనె ఏదో తెలుసు, మనకి తెలీదు. ఒకవేళ మా మేనల్లుడు ఉబలాటపడుతున్నట్టు ఆ కారుకి రీమ్యాప్ చేయించి నూట తొంభై గుర్రాలు చేస్తే, అప్పుడు పుస్తకం మాట చెల్లదు. 150 డిగ్రీల దగ్గర ఎక్కువ బలం ఉండే 5డబ్ల్యూ-40 వైపు జరగాల్సి వస్తుంది. వారంటీ సంగతి అప్పుడు దేవుడెరుగు.

మామ మాటతో బావ పుస్తకంలో ఉన్నదే పోయించాడు. కథ అక్కడితో అయిపోలేదు.

నిరుడు డిసెంబర్‌లో ఓ రాత్రి ఫోటో పంపించాడు. ఆయిల్ మూత లోపల తెల్లటి నురగ, మీగడలాగా. ఉస్తాద్ చూసి "హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ దింపాలె" అన్నాడట. టర్బో ఇంజన్ హెడ్ దింపడమంటే వేలల్లో పని కాదు, ఒకసారి విప్పాక అది మళ్ళీ మునుపటిలా కూర్చుంటుందన్న భరోసా కూడా తక్కువే. బావ గొంతులో భయం స్పష్టంగా తెలిసింది. "నువ్వు చెప్పిన నీళ్ళ ఆయిల్ పోసినందుకే ఇట్లయింది" అని ఉస్తాద్ అన్నదాన్ని కూడా నాకు అప్పజెప్పాడు.

మూడు సంగతులు చూడమన్నాను. కూలెంట్ తగ్గిందా? లేదు. కూలెంట్ డబ్బాలో నూనె మరకలున్నాయా? లేవు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తెల్లగా ఉందా? లేదు, కానీ మట్టం పెరిగింది! పోసిన దానికన్నా ఎక్కువ ఉంది. అప్పుడు అర్థమైంది.

ఇంటి నుంచి షాపుకి రెండు కిలోమీటర్లు, మధ్యాహ్నం మళ్ళీ రెండు, రాత్రి రెండు. చలికాలం పొద్దున. ఆ దూరంలో ఆయిల్ వేడెక్కనే ఎక్కదు. చల్లటి ఇంజన్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది, ఆవిరి కాని పెట్రోల్ సిలిండర్ గోడల వెంట జారి కింద ఆయిల్లో కలుస్తుంది. అందుకే మట్టం పెరిగింది. ఇప్పుడు మన పెట్రోల్ ఉత్త పెట్రోల్ కూడా కాదు. 2023 నుంచి ఈ20 రావడం మొదలై, 2025 కల్లా దేశమంతటా బంకుల్లో దాదాపు 20 శాతం ఇథనాల్. చెరకు రసం, మొలాసిస్, నూకలు, మొక్కజొన్నల నుంచి తీసిన ఆల్కహాల్ అది. దానికి మంచిగుణాలున్నాయి, ఆక్టేన్ ఎక్కువ, టర్బోలకి అది నచ్చుతుంది. కానీ లీటరుకి శక్తి పెట్రోల్లో మూడింట రెండొంతులే కాబట్టి ఎక్కువ చిమ్మాలి, ఆవిరవ్వడానికి ఎక్కువ వేడి కావాలి, పైగా నీటిని పట్టుకునే గుణం. మంటలో పుట్టిన నీటి ఆవిరి, ఈ ఆల్కహాల్, నూనె, మూడూ చల్లటి మూత దగ్గర కలిస్తే మీగడ.

చెరకు లేక మూతపడ్డ ఫ్యాక్టరీ ఊరి పక్కన, చెరకు సారాయి కలిసిన పెట్రోల్‌తో ఇంజన్ ఆయిల్ పలచబడటం... నవ్వాలో ఏడవాలో తెలీలేదు. షకర్ నగర్లో ఒకప్పుడు డిస్టిలరీ కూడా ఉండేది మరి.

"హెడ్ ముట్టుకోనియ్యకు. ఆదివారం అక్కని తీసుకుని హైదరాబాద్ రా" అన్నాను. నూట డెబ్భై అయిదు కిలోమీటర్లు, కామారెడ్డిలో చాయ్‌కి ఒక్కటే బ్రేకు. మా ఇంటి ముందు బానెట్ ఎత్తి చూస్తే మూత శుభ్రంగా ఉంది, మట్టం కూడా గీతల మధ్యకి దిగింది. వేడెక్కిన ఆయిల్లోంచి నీళ్ళూ ఆల్కహాలూ ఆవిరై పోయాయి. మీ కార్లో ఇలా కాకుండా కూలెంట్ తగ్గుతూ ఉంటే మాత్రం ఇది మీ కథ కాదు, వెంటనే చూపించుకోండి.

కాబట్టి బావ విషయంలో ఏ కంపెనీ డబ్బా అన్నది అసలు ప్రశ్నే కాదని తేలింది. ఎన్నాళ్ళకి మార్చాలన్నదే ప్రశ్న. సర్వీసు పుస్తకంలో పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంది. దాని కిందే చిన్నక్షరాల్లో, తక్కువ దూరాలూ దుమ్మూ ఎక్కువైతే ముందే మార్చమని ఉంటుంది, ఎవరూ చదవరు. ఆయన ఆర్నెల్లకోసారి మారుస్తున్నాడు, మీటరు మీద మూడు వేలు కూడా తిరగకపోయినా. పదిహేను రోజులకోసారి ఆర్మూర్ దాకా అయినా తిప్పుకు రమ్మన్నాను. అక్కకి ఈ వైద్యం బాగా నచ్చింది :)

కొనేటప్పుడు జాగ్రత్త ఒకటుంది. ఖాళీ డబ్బాలకి రేటు పెట్టి కొనేవాళ్ళున్నారంటే వాటిల్లో మళ్ళీ ఏదో పోసి అమ్ముతున్నారనే కదా. బిల్లు ఇచ్చే చోట కొనండి, సీలు మీరే తీయండి, పోయించాక మూత దగ్గర, అడుగున మేకుతో రెండు పోట్లు పొడిచి ఇవ్వండి. ఉస్తాద్‌కి మొదటిసారి ఇది నచ్చలేదు. "నా మీద నమ్మకం లేదా సార్" అన్నాడు. నీ మీద కాదు భాయ్, డబ్బా కొనుక్కుపోయేవాడి మీద అని బావ సర్దిచెప్పాడు. అన్నట్టు గాలి ఫిల్టర్ విషయంలో మాత్రం ఆయన మాటే కరెక్టు. వరికోతల దుమ్ములో తిరిగే బండికి పుస్తకం చెప్పినదానికన్నా ముందే మార్చాలని ఆయన పట్టుబడితే, విప్పి చూస్తే నిజంగానే నల్లగా ఉంది.

పోయిన నెల మళ్ళీ ఆయిల్ మార్చారు. దించిన పాత ఆయిల్ నాలుగు లీటర్లూ మామ క్యాన్‌లో పట్టించుకుని బోధన్ తీసుకుపోయాడు, పెరట్లో పందిరి గుంజలకి చెదలు పట్టకుండా పూయడానికట. వేళ్ళ మధ్య రెండు చుక్కలు రాసి చూసి, "ఇంక కొంచెం దమ్మున్నది దీన్ల" అన్నాడు.